భర్తల సోఫా

మంగళవారం, రాత్రి

కొత్తగా ఆలోచించడం నేర్పించాలని సేటు ఈరోజు ఆబిడ్స్‌లోని మా చీరల షాపుకు ట్రైనర్‌ను పిలిపించాడు. భయం లేకుండా చెప్పమన్నారు కదా అని చెప్పాను: గిరాకీ లేనప్పుడు సేల్స్ ఆడవాళ్లు కూర్చోవడానికి స్టూళ్లు వేయండి. గ్రేసక్కకు ఏడో నెల. నిలబడీ నిలబడీ కాళ్లు వాచిపోయాయి.

"కూసుంటే నిద్రొస్తది. గిదొక ఐడియానారా?" అన్నాడు సేటు.

చీరలు చూసే భార్యల కోసం ఎదురుచూసే భర్తలకు సోఫా వేయాలన్నాడు ట్రైనర్. దానికి మాత్రం చప్పట్లు! సాయంత్రం నాంపల్లి నుంచి ఆ సోఫా మోసుకొచ్చింది నేనే.

"రేపు నువ్వే అండ్ల కూసో అక్కా, ఎవడాపుతడో చూస్తా" అన్నాను గ్రేసక్కతో.

"నువ్వు పంచే యూనియన్ కరపత్రాలు నాకు బువ్వ పెడ్తయా తమ్మీ? జర నోరు మూస్కో."

రేపు షాపు తెరవగానే అందులో నేనే కూర్చుంటాను. నన్ను తీసేస్తే తీసేయనీ. కానీ సేటు ఆ కోపం అక్క మీద చూపిస్తే...