మీ నాన్న నిలబడ్డాడు

చిట్టితల్లీ, మీ బడి పిల్లలు ఎన్నికల సంగతులు చూసుకోవడానికని నువ్వు ఏరిపెట్టిన ఆ సైట్లు ఇప్పుడే వాళ్ళకు పంపకు. నేను మీ అమ్మ దగ్గరికి వెళ్ళొచ్చేదాకా ఆగు. కాచిన పాలు చల్లారాక మూత పెట్టు.

ఆ సైట్లలో నువ్వు తెరిచి వెళ్ళిన పేజీలో ఎవరిదో సభ నేరుగా చూపిస్తున్నారు. చూస్తే మైకు ముందు మీ నాన్న! క్షవరానికని చెప్పి వెళ్ళినవాడు! "ఈసారి నేను నిలబడుతున్నాను" అన్నాడు. "మోకాళ్ళ నొప్పితో నిలబడటమెందుకురా, కూర్చో నాయనా" అన్నాను కంప్యూటరుతో. జనం చప్పట్లు కొట్టాక గానీ నాకు వెలగలేదు. పోటీకట!

మీ అమ్మకు ఈ సంగతి తెలియదు. తన కుట్టు దుకాణానికి కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళెవరో ఫోను చూపించి చెబితే దాని మనసు విరిగిపోతుంది. మనింటి కబురు మనింటి నోటనే వినాలి. అందుకే పరుగున పోతున్నాను.

వాడు ముందొస్తే ఏమీ అనకు, భోజనం పెట్టు. తిట్టడానికి మేమిద్దరం వస్తున్నాం.

నాయనమ్మ

బళ్ళో పద్యం చెప్పమంటే నా వెనకాల దాక్కునేవాడే, ఇవాళ గొంతు ఒక్కసారైనా వణకలేదు! అయినా నా ఓటు మాత్రం ఇంటికొచ్చి నోరు తెరిచి అడిగితేనే.