గ్లవ్‌బాక్సులో బ్రేకు మీట

లాక్లన్,

బస్సులో ఆర్మిడేల్ లైబ్రరీకి వెళ్తున్నాను. ల్యాండ్‌క్రూజర్ బండి తాళంచెవి నా వద్దనే ఉంది. బ్యాటరీ తీగ విప్పి ఉంచాను. నేను వచ్చేలోగా ట్రైలర్ ఊగినప్పుడు దాని బ్రేకులు వేసే మీటను నీ ఎడమచేతికి అందేచోట బిగించు. నువ్వు పొయ్యి రాజేసిన సూచనల పుస్తకం పదకొండో పేజీలో ఆ మాటే ఉండేది. డ్యాష్‌బోర్డు అందం చెడుతుందని మీటను నా సీటు ముందున్న గ్లవ్‌బాక్సు అరలో దాచిన శిల్పివి నువ్వొక్కడివే.

ఆనాడు “ఏం కాదులే అక్కా” అన్నావు. నిన్న కొండ దిగుతుండగా వెనక గుర్రంతో సహా ట్రైలర్ ఊగిపోతుంటే “అక్కా, ఆ మీట నొక్కవే” అన్నావు. గొర్రెల మందు, బిస్కెట్ల పొట్లం, నీ మురికి సాక్సు తీస్తేగాని అది కనబడలేదు. నేను మీట నొక్కి బండి ఆగేసరికి ఒక చక్రం లోయ అంచున ఉంది. మనిద్దరికంటే గుర్రమే నిబ్బరంగా నిలబడింది.

వినిఫ్రెడ్

తా.క. అక్షరాలు వంకరపోయినందుకు ఏమీ అనుకోకు. నిన్నటి నుంచి ఇలాగే వస్తున్నాయి.