వంతెన ఎక్కేటప్పుడు వీపు మీద చెయ్యి

బీర్‌గావ్, రాయపూర్.

అప్పకి, బావగారికి మీ సత్తెమ్మ దండాలు పెట్టి రాస్తున్న సంగతులు.

ఇక్కడ నేనూ కనకమూ బాగానే ఉన్నాము. నిజంగానే బాగున్నాము, కంగారు పడకండి. నీ ఆయాసం ఎలా ఉంది? చలి మొదలైంది, పొద్దున్నే తల తడుపుకోకు. బావగారి కంటికి ఆపరేషన్ అయిందా? ఎర్రావు ఈనిందా? అన్నిటికీ విడివిడిగా జవాబు రాయి. పోయినసారి ఆవు సంగతి ఒక్కటి రాసి ఊరుకున్నావు. బావగారి కంటికేమైందో అని నాకు అన్నం దిగలేదు.

కిందటి ఉత్తరంలో గది ఖాళీ చేసి వచ్చేస్తామని, పెరటి వసారా కడిగించి ఉంచమని రాశాను. ఎందుకో రాయలేదు. రాస్తే నువ్వు హడలిపోతావని రాయలేదు. ఇప్పుడు గండం గడిచింది కాబట్టి రాస్తున్నాను. అయినా పగటిపూటే చదువు, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకో.

అల్లుడు లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. కనకం భన్‌పురిలో సంచులు కుట్టే కార్ఖానాకి సైకిల్ మీద పోతుంది. మధ్యలో రైలు పట్టాలున్నాయి, వాటి మీద వంతెన. ఈ ఊరు పళ్ళెంలా చదునుగా ఉంటుందప్పా, ఈ వంతెన ఒక్కటే కొండ. ఆ ఎత్తుని ఇక్కడ చడావ్ అంటారు. నేను ఒట్టి కాళ్ళతో ఎక్కితేనే పిక్కలు పట్టేస్తాయి. కనకం సగం దూరం తొక్కి, దిగి, నడిపించుకుంటూ పోయేది. రోజూ ఆలస్యమే. అక్కడి మేస్త్రీ అందరి ముందూ "రాణీ గారు పల్లకీ దిగారా?" అని ఎగతాళి చేసేవాడట. ఇంకొన్నాళ్ళు ఇలాగైతే పనిలోంచి తీసేస్తానన్నాడు. ఆ పని పోతే ఈ ఊళ్ళో మాకు ఏముంది?

మా పక్క గదిలో బిసాహిన్ బాయి అని ఛత్తీస్‌గఢీ ఆవిడ ఉంది. అదే కార్ఖానాలో చేసి మానేసింది. ఆవిడే కనకానికి చెప్పింది, సీటు కాస్త పైకి పెట్టించుకో, మొదట్లోనే ఊపుగా తొక్కకు, ఇటూ అటూ వంకరగా కోసుకుంటూ ఎక్కు, కొన వైపు చూడకు, ముందు చక్రాన్నే చూసుకో అని. కనకం అలాగే ప్రయత్నించింది గాని పిల్లకి ఒంట్లో బలం లేదు. నేను పెట్టిన సద్దన్నం ఎవరికి పెడుతుందో ఏమో!

ఒకనాటి సాయంత్రం వస్తూనే నవ్వుతోంది.

"అమ్మా, ఈయేల దిగకుండా ఎక్కేసినానే! ఎవులో ఎనకాల సెయ్యేసి తోసినారు."

"ఎవులే?"

"మొకం సూళ్ళేదు. సైకిళ్ళోలు ఒకల్నొకలు అలాగే తోసుకుంటారు కదా."

స్వెట్టర్ విప్పితే వీపు మీద అరచెయ్యి అచ్చు. నల్లగా. ఇక్కడ ఆరేసిన బట్టల మీద కూడా ఫ్యాక్టరీల మసి రాలుతుందిలే అని ఉతికేశాను. మర్నాడూ అదే అచ్చు, అదే చోట. తరవాత రోజూ అంతే. మంచు కురిసిన పొద్దున మరీ తేలిగ్గా ఉండేదట, సైకిల్ దానంతట అదే ఎక్కినట్టు.

నేను మాత్రం ఊరుకోలేదు. ఆ మనిషితో ఏమైనా మాట్లాడావా అని అడిగాను.

"ఏటి మాటాడతాను? నువ్వు నేర్పిందే. ఓపాలి ఇంటికి రండి బావూ, మంచినీళ్ళు తాగెల్దురు గానీ అన్నాను."

"ఏటన్నాడు?"

"ఏటీ అన్నేదు. ఎనక్కి తిరిగితే మంచు తప్ప ఎవులూ నేరు."

అప్పా, దీనికి దాన్నేమనను? దారిలో బుట్ట తలకెత్తిన వాడినైనా ఇంటికి రమ్మనకుండా పంపకూడదని మన అమ్మ మనిద్దరికీ నేర్పింది. నేను దానికి నేర్పాను.

అలా పిలిచిన రోజే తిరిగి వస్తూంటే సైకిల్ బరువెక్కిందట, వెనక క్యారియర్ మీద ఎవరో కూర్చున్నట్టు. నేను గుమ్మంలోంచి చూశాను. వెనక చక్రం గాలి పోయినదానిలా అణిగి ఉంది. గాలి పోలేదు, నేనే నొక్కి చూశాను.

అక్కడినుంచి మా గదిలో ముగ్గురం ఉన్నట్టే ఉండేది. గుమ్మం పక్క గోడ మీద మసి అచ్చు పడింది, గొంతుకూర్చున్న మనిషి చెయ్యి ఆన్చినంత ఎత్తులో. తుడిస్తే మళ్ళీ పడింది. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు కదా. బియ్యం ఏరి లేవబోతే వీపు మీద ఎవరో చెయ్యేసి లేపారు. మెత్తగా, మన నాన్న లేపినట్టు. వెనక ఎవరూ లేరు. నేను చేట పడేసి ఏడుస్తూ బిసాహిన్ దగ్గరికి పరిగెత్తాను.

ఆవిడ వచ్చి గోడ మీద అచ్చు చూసి నుదురు కొట్టుకుంది. "ఝన్ డరా దీదీ, ఓ త కకా హరే" అంది. భయపడకు, ఆయన కాకా, మన బాబాయిలాంటివాడు అని. కనకం తెలుగులో చెప్పింది. వంతెన మొదట్లో ఒక ముసలాయన కూర్చుని, బరువు రిక్షాలనీ సైకిళ్ళనీ పైదాకా తోసేవాడట. ఎవరేమిస్తే అది పుచ్చుకునేవాడు. పోయి చాలా కాలమైంది, తోయడం మానలేదు. అక్కడి వాళ్ళందరికీ తెలుసు. తోస్తే తోయించుకుంటారు, వెనక్కి చూడరు, మాట్లాడరు.

"ఘర్ ఝన్ బలాబే, ఇంటికి మాత్రం పిలవకూడదు. బతికుండగా ఆయన్ని ఒక్కరూ పిలవలేదు" అంది.

"మరి ముందే సెప్పకపోయావేటి?" అని కనకం దెబ్బలాడింది.

"దెయ్యాన్ని కూడా భోజనానికి పిలిచే జాతి ఉంటుందని నాకేం తెలుసు?" అంది బిసాహిన్. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

నవ్వు ఒక్క పూటే. ఆయనకి తోయడం తప్ప ఏమీ రాదప్పా. పొయ్యి దగ్గర వంగితే తోస్తాడు. మర్నాడు వంతెన ఎక్కాక, అవతల దిగుడులోనూ తోశాడు. ఎక్కుడో దిగుడో ఆయనకి తెలియదు. బ్రేకులు పట్టలేదు. కనకం లారీ ముందునుంచి వెళ్ళి ఇసక గుట్టలో పడింది. మోచేతులు గీరుకుపోయి ఇంటికొచ్చింది. ఆ రోజే నీకు వచ్చేస్తామని రాశాను.

ఉత్తరం డబ్బాలో వేసి వచ్చి కూర్చుంటే ఒకటి తోచింది. ఊరు మారితే మాత్రం, క్యారియర్ మీద కూర్చున్నవాడు దిగుతాడా? పిలిచి తెచ్చుకున్నవాడిని వదిలి పారిపోవడం కాదు, మర్యాదగా సాగనంపాలి. మనకి తెలిసిన దారి అదొక్కటే కదా.

మర్నాడు పొద్దున్నే అన్నం, పప్పు, వంకాయ కూర వండాను. గుమ్మం పక్క ఆ అచ్చు ముందు పళ్ళెం పెట్టి, మంచినీళ్ళు పెట్టి మేమిద్దరం పక్కకి తిరిగాము. మళ్ళీ చూస్తే అన్నం అలాగే ఉంది, చెంబులో నీళ్ళు లేవు. అడుగున మసి.

"తాగినావు కదా బాబూ. ఇక మీ సోటికి పద, నాను తోడొస్తాను" అన్నాను.

కనకం సైకిల్ ఎక్కకుండా నడిపించింది. ఇద్దరం తోసినా బస్తా ఎక్కించినట్టుంది. మంచులో ఎదుటి మనిషి కనపడటం లేదు. చడావ్ మొదట్లో ఆగి, అల్లుడికని కొన్న కొత్త తువ్వాలు వంతెన గోడ మీద పెట్టాను. ఇంటికొచ్చిన మగమనిషిని ఉత్త చేతులతో పంపకూడదు.

క్యారియర్ స్ప్రింగు టక్కున పైకి లేచింది.

"ఎక్కవే" అన్నాను. కనకం ఎక్కింది. ఎవరూ తోయలేదు. నెమ్మదిగా, అటూ ఇటూ కోసుకుంటూ, తల వంచి చక్రాన్నే చూసుకుంటూ పోయింది. దాని ఆయాసం నాకు వినపడుతూనే ఉంది. తరవాత మంచులో వినపడలేదు. గోడ వైపు చూస్తే తువ్వాలు లేదు.

దిగుడులో ఏమైందో అని నేనూ ఎక్కడం మొదలుపెట్టాను. మధ్యలో నా వీపు మీద చెయ్యి పడింది. అప్పా, మెత్తగా. అలవాటు కొద్దీ నోటిదాకా వచ్చేసింది, ఇంటికి రా బాబూ అని. చీర చెంగు నోట్లో కుక్కుకుని ఎక్కాను. పైనుంచి చూస్తే కనకం అవతల కింద సైకిల్ పట్టుకుని నిలబడి చెయ్యి ఊపుతోంది.

అంచేత మేము రావడం లేదు, బావగారితో చెప్పు. ఇప్పుడు కనకం తన కాళ్ళతోనే ఎక్కుతోంది. నాలుగు అడుగుల దూరం మిగిలిందనగా దిగినా వేళకే చేరుతోంది, మేస్త్రీ ఏమీ అనడం లేదు. మీరెప్పుడైనా ఇటు వస్తే, ఆ వంతెన ఎక్కడం తేలిగ్గా ఉంటే, నోరెత్తకండి. బావగారికి మరీ మరీ చెప్పు, ఆయన అందరినీ పిలుస్తారు.

ఎవరైనా వచ్చేవాళ్ళుంటే కాస్త చింతపండు, నీ చేతి ఆవకాయ పంపు. కనకం తల మీద మీ ఇద్దరి చేతులూ పెట్టినట్టు దీవించండి. ఇరుగుపొరుగు పెద్దలందరికీ నా దండాలు.

రాయడం అయింది, ఇక లేవాలి. గోడ మీద అచ్చు లేదు, సున్నం కొట్టించాము. ఆ గోడే పట్టుకుని నేనే లేస్తున్నాను. నిజం చెప్పనా అప్పా, లేచే ముందు ఇప్పటికీ వీపు మీద చెయ్యి కోసం కాసేపు ఆగి చూస్తాను.

నీ చెల్లెలు,
సత్తెమ్మ