నిమ్మతొక్కల నెల

జూన్ 1, ఆదివారం

మామూలుగా ఈ డైరీలో ఖర్చులు తప్ప కబుర్లు రాయను. ఈ రోజు రాయక తప్పదు. పొద్దున సింకు కింది అర తెరిస్తే కొట్లో కొన్న క్లీనర్లు పదకొండు సీసాలు! నేలకొకటి, అద్దానికొకటి, కుళాయికొకటి, దేనికో ఎవరికీ తెలియనిది ఇంకొకటి. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని. కళ్లు తిరిగాయి.

"ఇవన్నీ ఎందుకమ్మాయ్? నిమ్మకాయ, వెనిగర్, వంటసోడా, ఉప్పు. ఇవి చాలు ఇల్లు మెరవడానికి" అన్నాను.

"అయితే నెల రోజులు చేసి చూపించండి అత్తయ్యా" అంది కోడలు, నవ్వుతూనే.

పందెం కుదిరింది. నేను నెగ్గితే ఇకపై ఇంట్లోకి ఒక్క సీసా రాదు. ఓడితే స్టోర్ అల్మారా తాళంచెవి కోడలిది. ఈ ఇంట్లో ఏం కొనాలో, ఎంత వాడాలో తేల్చేది ఆ తాళంచెవే. అది నా చేయి దాటి ఎరగదు.

సీసాలన్నీ అట్టపెట్టెలో సర్ది మంచం కిందికి తోశాను. నిమ్మతొక్కలు జాడీలో వేసి వెనిగర్ పోసి నానబెట్టాను. రెండు వారాల్లో సిద్ధం!

జూన్ 2, సోమవారం

కుళాయిలు టూత్‌పేస్ట్‌తో రుద్దాను. ముఖం కనిపిస్తోంది! కిటికీ అద్దాలు తడి పేపరుతో తుడిచాను.

"ఏమోయ్, పేపర్లో సగం కనబడదేం?" అని మా ఆయన కేక.

నిన్నటిదనుకున్నాను. ఈ రోజుదే. ఆ ముద్ద విప్పి, ఎండలో ఆరేసుకుని చదివారు. "మిగతా వార్త కిటికీ మీద ఉన్నట్టుంది" అన్నారు. వెటకారం. అద్దం మీద సిరా మరకలున్న మాట నిజమే. చిన్నవి.

జూన్ 5, గురువారం

తొక్కలు చాలడం లేదు. తొక్క కావాలంటే రసం ఎవరో ఒకరు తాగాలి. పారబోయడం నా లెక్కలో లేదు. అందుకని మూడు పూటలా అందరికీ నిమ్మరసం.

"అమ్మా, పళ్లు పులిసిపోయాయి. నోరు తెరిస్తే జివ్వుమంటోంది" అన్నాడు అబ్బాయి.

"అయితే మాట్లాడకు. గ్లాసు ఖాళీ చెయ్."

టూత్‌పేస్ట్ అయిపోయింది. మా ఆయన ఉప్పుతో పళ్లు తోముకున్నారు. అది సింకుకని తీసిపెట్టిన ఉప్పు. చెప్పవలసి వచ్చింది.

జూన్ 9, సోమవారం

సింకులో నీళ్లు దిగడం లేదు. సోడా వేసి వెనిగర్ పోశాను. అబ్బో, ఏం నురగ! ఇంటిల్లిపాదీ వచ్చి చూశారు. నురగ తగ్గింది. నీళ్లు మాత్రం ఎక్కడివక్కడే. కోడలు పొడుగాటి తీగ తెచ్చి పొడిచింది. బుడబుడా దిగిపోయాయి. తీగ ఇంట్లో వస్తువే కాబట్టి నా పద్ధతి కిందే రాసుకున్నాను.

గొట్టంలో అడ్డుపడినవి నిమ్మగింజలు. అది వేరే సంగతి.

జూన్ 15, ఆదివారం

తొక్కల నీళ్లు సిద్ధం. వడకట్టి స్ప్రే సీసాలో పోశాను. వంటింటి నేల మీద జిడ్డు కదిలింది, పోలేదు. మోకాళ్ల మీద కూర్చుని మూడుసార్లు తుడిచాను. లేవడానికి కోడలి చెయ్యి పట్టుకోవలసి వచ్చింది.

తప్పు నీళ్లది కాదు. జిడ్డు పాతది.

జూన్ 17, మంగళవారం

అద్భుతం! అదే సీసా, అదే గుడ్డ. ఒక్క తుడుపుకే జిడ్డు మాయం! ఇల్లంతా నిమ్మ వాసన. నిలవ ఉండేకొద్దీ గుణం పెరుగుతుందన్నమాట.

కోడల్ని పిలిచి చూపించాను. "నిజమే అత్తయ్యా" అని తల వంచుకుని వెళ్లిపోయింది. ఓటమి దగ్గరపడిందని దిగులు కాబోలు, పాపం.

జూన్ 19, గురువారం

మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ సంతకం కోసం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "టీచర్ గారూ, మీ నేల చూస్తే కాలు పెట్టాలంటే భయమేస్తోంది. ఆదివారం కింద హాల్లో అందరికీ చేసి చూపించాలి మీరు!"

భోజనాల దగ్గర ప్రకటించాను. "హాల్లో పని చేస్తే పందెం నాది. చెయ్యకపోతే తాళంచెవి నీది."

కోడలికి పొలమారింది. "అంతమందిలో ఎందుకు అత్తయ్యా..."

"భయమా?"

"భయమే" అంది.

జూన్ 22, ఆదివారం

సీసా కడిగేసి, జాడీలోంచి కొత్తగా, ఘాటుగా నింపుకున్నాను. కడగబోతుంటే "ఆ పాతవే పట్టుకెళ్లండి" అని కోడలు రెండుసార్లు అంది. వినలేదు.

హాల్లో అందరూ గర్వంగా చూపించుకునే పాలరాయి బల్ల ఉంది. దాని మీదే నూనె చుక్కలు వేయించి, స్ప్రే కొట్టి, నానుతున్నంత సేపూ పొదుపు గురించి మాట్లాడాను. చప్పట్లు. అప్పుడు తుడిచాను.

నూనె పోలేదు. బల్ల మెరుపు పోయింది. పళ్లెమంత మేర తెల్లగా, గరుకుగా తేలింది.

"టీచర్ గారూ... ఇది పోతుందా?" అన్నాడు సెక్రటరీ, సన్నగా.

పులుపు పాలరాయిని తినేస్తుంది. స్కూల్లో నా పక్క గది సైన్స్ మాస్టారు ఏటా గొంతు చించుకుని చెప్పిన పాఠమే. గోడ అవతల నుంచి ముప్పైసార్లు విన్నాను.

ఇంటికి వచ్చాక కోడలు నోరు విప్పింది. "మంగళవారం నుంచీ ఆ సీసాలో ఉన్నది కొట్టు సరుకే అత్తయ్యా. మంచం కింది పెట్టెలో పసుపు రంగు సీసాలోది నేనే పోశాను."

"ఓడిపోయేది నువ్వు కదా! ఎందుకు పోశావు?"

"ఆ రోజు నేల మీంచి లేవలేక నా చెయ్యి పట్టుకున్నారు. అంత గట్టిగా మీరెప్పుడూ పట్టుకోలేదు. తాళంచెవిదేముంది, మీ మోకాళ్లు ముఖ్యం గానీ."

"పోనీ, రేపటి నుంచి నాకు పేపరు మొత్తం వస్తుందా?" అన్నారు మా ఆయన.

వెళ్లి అట్టపెట్టె లాగి చూశాను. పసుపు సీసా సగానికి తగ్గి ఉంది.

ఇక జరగవలసినవి:

1. పొద్దున లేవగానే తాళంచెవి కోడలికి. వద్దన్నా సరే. పందెం పందెమే.

2. రాళ్లకు పాలిష్ పెట్టే మనిషిని పిలవాలి. ఖర్చు నాది. అంతవరకూ మరక మీద పూలకుండీ.

3. అబ్బాయికి నిమ్మరసం బంద్. టూత్‌పేస్ట్ రెండు.

4. మా ఆయన చదివి మడత పెట్టాకే పేపరు ముట్టుకోవాలి.

5. అట్టపెట్టెలోంచి పసుపు సీసా ఒక్కటే బయటికి. మిగతా పదీ మంచం కిందే.

6. జాడీలో ఇంకా తొక్కల నీళ్లున్నాయి. పారబోయడం నా లెక్కలో లేదు. ఇంట్లో పాలరాయి కానివి, వంగకుండా తుడవగలిగినవి ఏమున్నాయో చూడాలి. కిటికీలు!

7. ఎల్లుండి నుంచి మళ్లీ నెల రోజుల పందెం మొదలు. దానికి నిమ్మకాయలు కావాలి. అవి స్టోర్ అల్మారాలో ఉన్నాయి. కోడల్ని అడగాలి. మర్యాదగా.