అరవై రెండు కుట్లు

చిరంజీవి చిట్టికి,

నాయనమ్మ దీవెనలు. మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. తాతయ్య మోకాలి నొప్పి గురించి అడిగావు. మెట్లు దిగేటప్పుడే ఉంటోంది, మందు వేళకు నేనే ఇస్తున్నాను. మధ్యాహ్నం వేళకు తింటున్నావా అని పోయినసారి అడిగితే నువ్వు జవాబు రాయలేదు. ఈసారి రాయి. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు, కూర్చున్న చోటు కుదురుగా లేదు.

నువ్వు కుట్టి అమ్మబోయే పర్సులకు నమూనా తాతయ్య పర్సే కదా. ఒకే తోలు ముక్క, ఒకే మడత, రెండు అరలు, అస్తరు లేదు. పెళ్లయిన ఏడాది నా చేత్తో కుట్టి ఇచ్చాను. నలభై ఒక్క ఏళ్లయినా చెక్కుచెదరలేదని ఇంటికి వచ్చిన వాళ్లందరికీ చూపించాను. నీ పర్సుల డబ్బాల మీద 'నలభై ఏళ్ల మన్నిక' అని అచ్చు వేయించమన్నదీ నేనే.

కుట్ల లెక్క పంపమన్నావు. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు పర్సు తీసి లెక్కపెట్టాను. యాభై తొమ్మిది. నా కుట్టుపని పుస్తకంలో అరవై రెండని ఉంది. మళ్లీ లెక్కపెట్టాను. యాభై తొమ్మిదే. దారం ఊడిపోవచ్చు గాని, తోలుకు పడ్డ చిల్లులు ఎలా తగ్గుతాయి?

మధ్యాహ్నం ఆయన నిద్రపోతుండగా పర్సు పట్టుకుని తోలు దుకాణానికి వెళ్లాను. అక్కడి ముసలాయన చూడగానే, "ఏమ్మా, ఏడోది కూడా చిరిగిందా?" అన్నాడు.

ఏడోదేమిటని అడిగాను. స్టూలు వేశాడు, కూర్చున్నాను.

"మీరు కుట్టింది రెండో ఏడే మడత దగ్గర పోయిందమ్మా. కుట్లు మరీ దగ్గర. స్టాంపులు చింపినట్టు చిల్లుల వెంట తెగింది. ఎడంగా కుడతానంటే మీ సారు వింటేగా. 'మా ఆవిడ కనిపెట్టిందంటే నా పని అయిపోయినట్టే, ఉన్నది ఉన్నట్టు కుట్టవయ్యా' అనేవారు. ఆ తప్పుతోనే ఆరు కుట్టాను. ఈమధ్య చూపు ఆనక మూడు తగ్గాయి కాబోలు."

"మరి పాతదానిలా ఎలా ఉందయ్యా?"

"నూనె రాసి ఇస్తే, రోజూ సాయంత్రం వచ్చి ఈ స్టూలు మీదే దాన్ని కింద వేసుకుని కూర్చునేవారు."

డాక్టరు చెప్పారని ఆయన వెళ్లే సాయంత్రం నడక అదన్నమాట.

చిట్టీ, ఆ అచ్చు వెంటనే ఆపించు. ఇప్పటికే వేయించి ఉంటే ఆ డబ్బాలు వాడకు. కుట్లు ఎడంగా వెయ్యి, మడత మీద అసలు వెయ్యకు. అస్తరు లేని పర్సుకు ఆ కాసిని కుట్లే ఆధారం. నాయనమ్మ చెప్పిందని మొహమాటపడి నా లెక్క ఉంచకు. తప్పు నాది. అది నీ పర్సుల్లోకి రాకూడదు.

తాతయ్యతో ఏమీ అనలేదు. పర్సు ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఎనిమిదోది మాత్రం కుట్టమని నేనే చెప్పి వచ్చాను, నలభై కుట్లతో. ఆయన కుట్లు లెక్కపెట్టే మనిషి కాదు. నిన్ననే చేతికి వచ్చింది. నూనె రాసి, కుర్చీలో వేసుకుని, దాని మీదే కూర్చుని నీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇట్లు,
మీ నాయనమ్మ