టీచరుగారు ఇంటికి వస్తానన్నారు

అమ్మడూ,

నువ్వు కులాసా అనుకుంటాను. మేమూ కులాసా అని రాద్దామంటే కలం సాగడం లేదు. ఉత్తరాలు రాయడం నాకు చేతకాదు, నీకు తెలుసు. ఫోనులో చెబితే పిల్ల వింటుంది.

పాప క్లాసు టీచరుగారు ఆదివారం మన ఇంటికి వస్తారట. అంతకు ముందు రెండుసార్లు చీటీ పంపారు, నన్ను బడికి రమ్మనే అయ్యుంటుంది. చదవకుండానే రెండూ వైరు చుట్టల కింద దాచాను. మా రోజుల్లో పంతులు కబురు పెడితే మంచికి కాదు. మా నాన్న ఒక్కసారి వెళ్లొచ్చాడు, మర్నాడే నన్ను కుర్చీలు అల్లే పనిలో పెట్టాడు.

తప్పు నాదే. అల్లుడి దెబ్బలకు తాళలేక, అతనికి ఆచూకీ దొరక్కుండా పిల్లను నా దగ్గర దింపి నువ్వు ఆస్పత్రి ఉద్యోగానికి వెళ్లిన రోజున, మన సంగతి ఎవరికీ తెలియకూడదన్నావు. నేను పిల్లను కూర్చోబెట్టి, "బళ్లో ఎవరేమడిగినా తెలీదు అను, బంగారం" అన్నాను. అది నా మాట జవదాటలేదు. మీ ఇల్లెక్కడంటే తెలీదు. రెండు రెళ్లు ఎంతంటే తెలీదు. ఇంట్లో మాత్రం నా పక్కన కూర్చుని ఎక్కాలన్నీ గడగడా అప్పజెబుతుంది. పక్కింటావిడ, "నీ మనవరాలు నీకంటే పొదుపు తాతా, ఒక్క మాటతో ఏడాది నెట్టుకొచ్చేసింది" అంది. నాకు నవ్వు రాలేదు.

టీచరుగారు వచ్చి తండ్రి ఎక్కడ అంటే ఏం చెప్పను? ఒకరికి చెబితే పదిమందికి చెప్పినట్టే. అందుకని శనివారం సాయంత్రం బస్సుకు పిల్లను తీసుకుని వెళ్లిపోతాను. అల్లడానికి వచ్చిన కుర్చీలు ఎవరివి వాళ్లకు ఇచ్చేశాను. ఎక్కడికన్నది చేరాక రాస్తాను.

నాన్న


అమ్మడూ,

మేము వెళ్లలేదు. ముందు అది చెప్పి మిగతాది రాస్తాను.

ఇవాళ మధ్యాహ్నం సంచిలో బట్టలు కుక్కుతుంటే టీచరుగారు వచ్చేశారు. ఒకరోజు ముందే. కుర్చీలు అల్లేవాడి ఇంట్లో కూర్చోమనడానికి ఒక్క కుర్చీ లేదు. ఆవిడే డబ్బా బోర్లించుకుని కూర్చున్నారు. సంచి చూశారు. పిల్లను పక్కింటికి పంపమన్నారు.

నిన్న బడికి ఒక మనిషి వచ్చాడట. చేతిలో పాప ఫోటో. తండ్రినని చెప్పి ఇంటి చిరునామా అడిగాడట. గుమాస్తా అప్పటికే రిజిస్టరు తెరిచాడట. టీచరుగారు అడ్డుపడి పంపేశారు. సోమవారం మళ్లీ వస్తానని వెళ్లాడట.

నేను సంచి పక్కన పెట్టేశాను.

"తాతగారూ, పాపకు చదువు రాదో, భయమో నాకు తెలియలేదు. చెప్పడానికి ఇంటినుంచి ఎవరూ రాలేదు. నిన్న ఏమీ తెలియకుండానే అడ్డం నిలబడ్డాను. సోమవారం నేనేం చెప్పాలి?" అన్నారు.

అంతా చెప్పేశాను. అతను నీ చెయ్యి విరగ్గొట్టిన సంగతి కూడా. నా జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడి ఎరగను.

పిల్లను ఎవరికి అప్పగించాలో ఇంటివాళ్లు రాసివ్వాలట. ఆ రెండు చీటీలూ అందుకేనట. అవి దాచి, పిల్లను నేనే దిక్కులేనిదాన్ని చేశాను. ఇప్పుడు నువ్వే వచ్చి సంతకం పెట్టాలి. హెడ్మాస్టరుగారితోనూ పోలీసులతోనూ తను మాట్లాడతానన్నారు.

ఈ ఉత్తరం రేపు ఉదయం పక్కింటావిడ తెస్తుంది. ఆవిడకూ చెప్పేశాను. ఆవిడతోనే బస్సెక్కి వచ్చెయ్. సోమవారం బడి తెరిచేసరికి మనం టీచరుగారి గదిలో ఉండాలి. అతను ఎదురుపడవచ్చు. నీకెంత భయమో నాకు తెలుసు. నాకూ భయమే.

టీచరుగారు ఏమడిగినా చెప్పమని ఇందాక పిల్లతో అన్నాను. "అమ్మ గురించి కూడానా?" అంది. అవునన్నాను. అప్పటినుంచీ అమ్మ ఎప్పుడొస్తుందని నా చొక్కా పట్టుకు వదలడం లేదు. నిన్ను అడక్కుండానే, రేపు అని చెప్పేశాను.

నీ నాన్న