గడప అవతల జములమ్మత్త

తమ్ముడు సామేలుకు, ప్రభువు పేరిట అన్న దానియేలు వందనాలు.

ఆయన దయవల్ల నేను క్షేమం. నువ్వు, మరదలు, పిల్లలు బాగున్నారని తలుస్తాను. పత్తి ఏరడం అయిందా? ఇటిక్యాల దిక్కు కూలీలు దొరుకుతున్నారా? మరదలి మోకాలి నొప్పి ఎట్లుంది? సాకులు చెప్పకుండా దవాఖానకు తీసుకుపో. ఫోన్లో నా గొంతు పెరగగానే నువ్వు కట్ చేస్తున్నావు. అందుకే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను. చివరిదాకా చదువు.

నా గురించి దిగులు వద్దు. యెరూషలేము దగ్గరి ఈ ఊళ్లో నేను చూసుకునే ముసలాయనకు పొద్దున స్నానం చేయించి, మందులిచ్చి, చక్రాల కుర్చీలో బయట తిప్పుతాను. చలి మొదలైంది. ఇక్కడ వాన కూడా చలికాలంలోనే పడుతుంది. తిండిలో కారం లేదు, జొన్నరొట్టె మీదికి ప్రాణం పోతుంది. ఎవరైనా వచ్చేవాళ్లుంటే పల్లీల పొడి పంపు. రాకెట్ల సైరన్ మోగితే ఆయన్ను కుర్చీతో సహా గట్టి గదిలోకి తోసుకుపోతాను. బాగానే ఉన్నాను. ఆరాధన వేళకు మాత్రం ఒక్కణ్ణే పాట పాడుకుంటాను. బాగానే ఉన్నాను, భయపడకండి.

ఇక అసలు సంగతి. నిన్న మన జములమ్మత్తకు ఫోన్ చేశాను.

“ఆదివారం ప్రార్థనకు పోయినవా అత్తా?”

“పోయిన కొడుకా. గడప అవతల కూసున్న. పాటలైతే ఇనపడుతయి గదా.”

“లోపలికెందుకు పోలే?”

“కొత్త పాస్టరు పేరు మార్చుకో అన్నడు. ఎస్తేరట! గట్ల పిలిస్తే నేను పలుకుతనా? ఎవర్ని పిలుస్తుండ్రో అని ఎన్కకు తిరిగి చూస్త.” నవ్వింది. “నువ్వు పరేషాన్ గాకు. సామేలును ఏమనకు. వాడేం జేస్తడు పాపం.”

ఏం చేస్తడా? చెయ్యెత్తిండు! దేవతల పేర్లున్నవాళ్లు సంఘం ముందర కొత్త పేరు తీసుకోవాలి, లేకుంటే ప్రభు బల్లలో పంచే రొట్టె లేదని పాస్టరు అంటే, సంఘపెద్దలలో ముందు లేచిన చెయ్యి నీదట. అత్త చెప్పలేదు, మరదలు చెప్పింది. అమ్మ పోయిన ఇంట్లో ఎవరి ముద్ద తిని పెరిగింది ఆ చెయ్యి?

బాప్తిస్మంతో కొత్త పేరు పెట్టుకోవడం మన సంఘంలో తాతల నాటి అలవాటే. నీకూ నాకూ అట్లే వచ్చింది పేరు. అది పండగ బట్ట లాంటిది, తొడుక్కున్నవాళ్లకు సంతోషం. తొడుక్కోనివాళ్లను పస్తు పెట్టాలని ఎవరన్నారు? గద్వాల జములమ్మ దేవతకు మొక్కితే అత్త పుట్టిందని తాత ఆ పేరు పెట్టాడు. బాప్తిస్మానికి కృష్ణలో ముంచిన పాత బోధకుడు “జములమ్మా” అని పిలిచే ముంచాడు. నీళ్లు ఒప్పుకున్న పేరును నువ్వు ఒప్పుకోవా?

నేనున్నది బేత్షెమెషు పక్కన. మన వాక్యంలోని ఊరే, ఇప్పుడు బస్సు బోర్డు మీద కనపడుతుంది. దాని అర్థం సూర్యుని ఇల్లు. పూర్వం కనానీయులు సూర్యదేవతను కొలిచిన చోటు కాబట్టి ఆ పేరట. ముసలాయన చెప్పాడు. యెరికోకు చంద్రదేవుడి పేరు, అనాతోతుకు అనాతు అనే దేవత పేరు వచ్చాయని పండితులు అంటారట. చివరికి యెరూషలేములో కూడా షాలేము అనే పాత దేవుడు దాగి ఉన్నాడంటారట. నాకు చెమట పట్టింది. వాక్యం తెరిచాను, రోజూ తెరుస్తున్నాను.

ఫిలిష్తీయుల దగ్గర నుంచి దేవుని మందసాన్ని లాగిన పాడి ఆవులు కుడికీ ఎడమకూ తిరగకుండా ఏ ఊరికి పోయాయి? బేత్షెమెషుకు! ఆవులకున్న బుద్ధి సంఘపెద్దకు లేకపాయెనే! ప్రవక్త యిర్మీయా ఎక్కడివాడు? అనాతోతువాడు. ముందు నీ ఊరి పేరు మార్చుకొని రా, తర్వాత ప్రవచిద్దువు అన్నాడా దేవుడు? చెరలో ఉన్నప్పుడు ఆ ఊళ్లోనే పొలం కొనమన్నాడు.

వాక్యంలో రూబేనీయులు దేవతల పేర్లున్న ఊళ్లకు పేర్లు మార్చలేదా అని పాస్టరు అడుగుతాడు. మార్చారు. నిలిచాయా? ప్రవక్తల కాలానికి మళ్లీ ఆ పాత పేర్లే. చెరలోకి ముందు పోయిన గోత్రాల్లో రూబేనీయులూ ఉన్నారు. అన్యదేవతల బలిపీఠాలు పడగొట్టమన్నాడు దేవుడు, నిజమే. మన అత్త బలిపీఠమా?

ఇంకొకటి. ఎస్తేరు పేరు ఇష్తారు అనే దేవత నుంచే వచ్చిందని కొందరు పండితుల మాటట. ఒక దేవతను తీసి ఇంకో దేవతను తగిలిస్తున్నాడు మీ పాస్టరు. అడుగు పోయి, మొగోడివైతే!

వచ్చే ఆదివారం ప్రభు బల్ల. ఈసారి కూడా పేరు మార్చుకోకపోతే ఆమెను సంఘం నుంచే తీసేస్తారట. రొట్టె పళ్లెం నీ చేతికే వస్తుంది. ఎవరి ముఖం చూడకు. ముందు గడప దాకా పో, అత్త చేతిలో పెట్టు, ఆ తర్వాతే సంఘానికి. అడ్డం పడితే పళ్లెం వాళ్లకే ఇచ్చి, నువ్వూ ఆమె పక్కన కూర్చో. చెప్పులు విడిచే చోటైనా సరే. ఇదీ చేయలేకపోతే, సంఘంలో నా కోసం ప్రార్థన చేయకు. ఆమె ఒక్కతి చేస్తుంది, నాకు అది చాలు.

మరదలికి, పిల్లలకు నా ప్రేమ. పెద్దలందరికీ వందనాలు, చెయ్యెత్తినవాళ్లకు కూడా. ప్రభువు నీకు తోడై ధైర్యమిచ్చుగాక. అత్త దీవెన నాకు కావాలని చెప్పు. ఇంట్లో కాదు, ఆదివారం అందరి ముందర, “జములమ్మత్తా” అని పేరు పెట్టి పిలిచి చెప్పు.

కోపంలోనూ నీ అన్నే,
దానియేలు